నూనె మరకల పుస్తకం

బిలాస్‌పూర్,
9 జూన్ 2025

ప్రసూనకు,

మొన్న ముందుగా ఫోను పెట్టేసింది నువ్వా, నేనా అన్నది ఇంకా తేలలేదు. మీ అన్నయ్య మాత్రం తీర్పు చెప్పేశారు. "మీ ఒదినా మరదళ్ళు ఫోను పట్టుకుంటే యార్డులో బోగీల షంటింగు లాగుంటది. అచ్ఛా, ఉత్తరాలు రాసుకోండి. కాగితం మీద ఎవులూ అరవలేరు" అన్నారు. అరవలేమని ఆయన నమ్మకం, పాపం. అందుకని కాగితం తీశాను.

విషయం ఏమిటంటే, జూలై ముప్పై ఒకటితో లోకో షెడ్డులో మీ అన్నయ్య సర్వీసు అయిపోతుంది. రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. సర్కండాలో రెండు గదుల ఇల్లు చూశాం. అర్పా నది దాటితే అదే, దూరమేం కాదు. కానీ వంటిల్లు మన క్వార్టరు వెనక వరండా అంత కూడా లేదు. గోడకి ఒకే ఒక్క అర. డబ్బాలు సర్దాక నాలుగు పుస్తకాలకి చోటు మిగులుతుంది. నా దగ్గర వంట పుస్తకాలు పదకొండు ఉన్నాయి.

ప్రెషరు కుక్కరుతో వచ్చిన హిందీ పుస్తకం ఒకటి. కుక్కర్లు మూడు మారాయి, పుస్తకం అదే. ఊరగాయల పుస్తకం. ఆంధ్ర సమాజం వాళ్ళు పాతికేళ్ళ పండగకి వేసిన సంచిక; అందులో కాలనీ ఆడవాళ్ళందరూ తలా ఒక వంట రాశారు, నాది అచ్చు వెయ్యలేదు. మైక్రోవేవు పుస్తకం, ఆ పెట్టె పాడై ఆరేళ్ళయింది. షుగరు ఉన్నవాళ్ళ వంటల పుస్తకం. అది కనబడితే చాలు మీ అన్నయ్యకి ఆకలి పోతుంది. పత్రికల్లోంచి కత్తిరించి షెడ్డు ఫైలులో కుట్టుకున్న కాగితాలు. మా హర్ష కొనిచ్చిన కేకుల పుస్తకం, ఇంగ్లీషు. మిగతావి కూడా ఇలాంటివే. వీటిలో ఏవి ఉంచాలో, ఏవి కుదుదండ్‌లో పాత కాగితాలవాడికి వెయ్యాలో నువ్వు చెప్పు. ఎంతైనా ఈ వంటింట్లో పెరిగినదానివి.

అత్తయ్య చేత్తో రాసుకున్న పుస్తకం ఈ లెక్కలో లేదు. అది ఎలాగూ నా దగ్గరే ఉంటుంది.

మీ భవితకి కొత్త ఉద్యోగం బాగుందా? వేళకి తింటోందా?

మీ వదిన,
రాజశ్రీ


విజయనగరం,
18 జూన్ 2025

వదినకు,

ఉత్తరం అందింది. అన్నయ్య పొరపాటు పడ్డాడు, నువ్వు కాగితం మీద కూడా బాగానే అరవగలవు. "ఎలాగూ నా దగ్గరే ఉంటుంది" అన్న ముక్క దగ్గర ఆగి మూడుసార్లు చదివాను. పదకొండు పుస్తకాలకి నా సలహా కావాలి, పన్నెండో దానికి మాత్రం అక్కర్లేదు. బాగుంది.

ముందు అడిగినదానికి జవాబు చెప్తాను. వంట పుస్తకం ఉంచాలా వద్దా అన్నదానికి నా పద్ధతి ఒకటే. తెరిచి చూడు. పేజీల మీద నూనె మరకలు, పసుపు వేలిముద్రలు ఉంటే ఉంచు. లేకపోతే అది వంట పుస్తకం కాదు, షోకేసు బొమ్మ. మా ఇంట్లో అలాంటిదే ఒకటుంది. నా పెళ్ళికి నాతో చదివిన సౌభాగ్య ఇచ్చిన రంగు బొమ్మల లావు పుస్తకం. ఇరవై తొమ్మిదేళ్ళుగా హాల్లో అద్దాల బీరువాలో నలగకుండా కూర్చుంది. కాబట్టి కుక్కరుదీ, ఊరగాయలదీ, ఫైలూ ఉంచు. నాలుగోదిగా సంచిక ఉంచు, నీ వంట వెయ్యలేదన్న కోపం ఎక్కడ దాచుకుంటావు మరి.

ఇక అమ్మ పుస్తకం. అది నాకు పంపించు.

అమ్మ పోయిన పదకొండో రోజున చీరలు, గాజులు, ఇత్తడి బిందె అన్నీ పంచుకున్నాం. ఆ పుస్తకం ఊసు నువ్వు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మూడేళ్ళయింది, ఇప్పుడు ఎత్తుతున్నాను. నువ్వు పాతికేళ్ళు అమ్మ పక్కన నిలబడి వండావు. నాకు వేసవి సెలవుల్లో పదిహేను రోజులు దొరికేవి, అందులో ఐదు రోజులు రైల్లోనూ జ్వరాల్లోనూ పోయేవి. చింతపండు ఎంత నానాలో, పోపు ఎప్పుడు దించాలో అన్నీ నీ చేతికి వచ్చేశాయి. చెయ్యి నీకు వచ్చాక పుస్తకం కూడా నీకెందుకు?

ఇంకో మాట. కోపం తెచ్చుకోకు, తెచ్చుకుంటావని తెలుసు. మీ హర్షకి తెలుగు చదవడం రాదు. మా భవితకి వచ్చు. నీ తర్వాత ఆ పుస్తకం ఆ ఇంట్లో ఎవరు తెరుస్తారు?

పోస్టులో వద్దనుకుంటే ఎవరైనా ఇటు వస్తుంటే ఇచ్చి పంపు.

నీ ఆడపడుచు,
ప్రసూన


బిలాస్‌పూర్,
27 జూన్ 2025

ప్రసూనకు,

నీ ఉత్తరం చదివి ఒక పూట అన్నం తినలేదు. మీ అన్నయ్య కంగారుపడి "ఏటయ్యింది, ఏటి రాసింది?" అని అడిగారు. చెప్పలేదు. చెప్తే చెల్లెలి పక్కన చేరతారు.

హర్షకి తెలుగు రాదు, నిజమే. హిందీ బళ్ళో చదివాడు. ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని "అమ్మా, దాదీ యహాఁ క్యా లిఖీ హై?" అని, నానమ్మ ఇక్కడేం రాసిందని అడిగితే నేను చదివి చెప్తాను. కానీ ఇంట్లోకి వస్తూనే వాసన పట్టి ఇవాళ దాదీ చేసినట్టే చేశావా లేదా చెప్పేస్తాడు. చదువు అంటే అక్షరాలొకటేనా?

పాతికేళ్ళు పక్కన నిలబడ్డానని రాశావు. నిలబడ్డాను. ఆ పాతికేళ్ళలో అత్తయ్య నా వంట బాగుందని ఒక్కసారి అనలేదు తెలుసా? "తినొచ్చు" అనేవారు. పండక్కి వండినా, పథ్యం వండినా "తినొచ్చు". అదే నువ్వు వస్తున్నావంటే నెల ముందు నుంచి హడావిడి. "మా పాపొస్తంది, ఒడియాలెట్టాల. మా పాపకి పాత చింతకాయ తీసి ఉంచాల." నేను వడియాలు పెట్టేదాన్ని, నువ్వు తినేదానివి, "మా పాప నోటికి ఎంత రుచిగున్నాయో" అని ఆవిడ మురిసిపోయేవారు. నువ్వు రైలెక్కాక గిన్నెలో అడుగున మిగిలినవి మేం తినేవాళ్ళం. ఆ పదిహేను రోజులూ నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, నాకూ యాభై దాటాయి.

పుస్తకం ఇవ్వను. కావాలంటే ఉత్తరానికో వంట చొప్పున రాసి పంపుతాను. ఫోనులో ఫోటో తీసి చూశాను, మరకలు పడుతున్నాయి గాని పెన్సిలు రాత పడటం లేదు. నీకు మినపరొట్టె ఇష్టం కాబట్టి దానితో మొదలుపెడుతున్నాను. అత్తయ్య రాసింది రాసినట్టు దించాను, ఒక్క అక్షరం అటూ ఇటూ చెయ్యలేదు.

"మినపరొట్టె. మినపగుళ్ళు గ్లాసుడు, బియ్యపు రవ్వ రెండు గ్లాసులు. ముందునాడు నానేసి, పప్పు గట్టిగా రుబ్బుకోవాల. కడిగిన రవ్వ, ఉప్పు, జీలకర్ర కలపాల. ఇనప మూకుట్లో నూనె పొయ్యాల, నూనె కాడ లోభించకూడదు. మొదటి సైరనుకి పిండి పోసి సన్న సెగ మీద మూతెట్టాల. మధ్యలో మూత తియ్యకూడదు. రెండో సైరనుకి తిరగెయ్యాల."

షెడ్డు సైరనే మనింట్లో గడియారం కదా. ఆ సంగతి ఈ వంటింట్లో పెరిగినదానికి నేను చెప్పక్కర్లేదు.

రాజశ్రీ


విజయనగరం,
12 జూలై 2025

వదినకు,

నీ కడుపు చల్లబడిందా?

ఆదివారం మా తోడికోడలు జ్యోతిర్మయి, వాళ్ళాయన భోజనానికి వచ్చారు. ఆవిడ వంట గురించి నీకు చెప్పాను కదా, ఏం చేసినా ఊరంతా పొగుడుతుంది. ఒక్కసారైనా ఆవిడ నోరు మూయించాలని నాకు ఎప్పటినుంచో కోరిక. పొద్దున్న టిఫిను దగ్గరే మొదలుపెట్టాను. "మా అమ్మ స్వయంగా రాసిన పద్ధతి, బిలాస్‌పూర్ నుంచి వచ్చింది" అని గొప్పగా చెప్పి పిండి మూకుట్లో పోశాను.

మొదటి సైరను ఏడింటికి, రెండోది ఎనిమిదింటికి. నేనా ఇంట్లో ఇరవై మూడేళ్ళు బతికాను. మొదటిదానికి నాన్న లేచేవారు, రెండోదానికి డబ్బా పట్టుకుని షెడ్డులో ఉండేవారు. సరిగ్గా గంట. నువ్వు రాసినట్టే గంటసేపు మూత తియ్యలేదు. అరగంటకే వాసన వచ్చింది. భవిత వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి "అమ్మా, మాడుతోంది" అంది. "మీ అమ్మమ్మ రాసిందే, మూత తియ్యకూడదని. నీకంటే ఆవిడకి ఎక్కువ తెలుసు" అని దాన్ని కసిరాను.

మూత తీస్తే బొగ్గు. నాన్న కాలం ఆవిరి ఇంజనులో వేసినా మండేది. జ్యోతిర్మయి నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఎంతో మర్యాదగా, "మీ అమ్మగారు ఇలాగే చేసేవారా?" అంది.

నా వంటని అంటే పడేదాన్ని వదినా. అమ్మ వంటని అంది. నువ్వు కావాలనే తప్పు రాసి పంపావు. పుస్తకం అడిగినందుకు కసి తీర్చుకున్నావు. ఒక్క అక్షరం అటూ ఇటూ చెయ్యలేదని నువ్వే ముందు చెప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

నీకు ఒక సంగతి తెలీదు. ఆ పుస్తకం అమ్మ నా కోసం మొదలుపెట్టింది.

ప్రసూన


బిలాస్‌పూర్,
19 జూలై 2025
(కార్డు)

నీ ఉత్తరం అందింది. ఇప్పుడు జవాబు రాస్తే కాగితం చిరుగుతుంది. మీ అన్నయ్య రిటైర్‌మెంటు అయ్యాక రాస్తాను.

రాజశ్రీ


బిలాస్‌పూర్,
3 ఆగస్టు 2025

ప్రసూనకు,

దీనితో పాటు రిజిస్టరు పార్సెలు వస్తుంది. విప్పే ముందు ఈ ఉత్తరం చదువు.

మొదట రొట్టె సంగతి. నేను తప్పు రాయలేదు. హర్ష పుట్టిన యేడు షెడ్డులో సైరను వేళలు మార్చారు. అప్పట్నుంచి మొదటిది ఏడు ముప్పావుకి, రెండోది ఎనిమిదింటికి. అత్తయ్య ఆ రొట్టె రాసింది హర్ష బడికి వెళ్ళే రోజుల్లో. అంటే పావుగంట. నాకు ఆ పావుగంట చెవిలోనే ఉంది కాబట్టి విడిగా రాయాలని తోచలేదు. నీకు నీ చిన్నప్పటి గంట చెవిలో ఉండిపోయింది. ఏటా వచ్చేదానివి కదా, ఎలా తెలీలేదని అడుగుతావేమో. వేసవికి వచ్చినప్పుడు నువ్వు ఎనిమిదింటి లోపల నిద్ర లేచింది ఎప్పుడు?

ఇంతవరకే రాసి, నిన్ను బాగా దులిపేసి, గెలిచానని కూర్చుందామనుకున్నాను. కుదరలేదు.

ముప్పై ఒకటో తారీకున మీ అన్నయ్య చార్జి అప్పగించారు. ముప్పై ఎనిమిదేళ్ళు తన చేతి కింద ఉన్న సామానంతా జాబితా ప్రకారం ఒక్కొక్కటే చూపించి, కొత్తతని చేత సంతకం పెట్టించుకున్నారట. ఒక్క పానా కూడా తగ్గలేదు. సాయంత్రం మెడలో దండతో ఇంటికొచ్చి, కుర్చీలో కూలబడి నవ్వుతూ, "నాను చార్జి ఇచ్చీసినాను. నీ కాడ ఎవులిదైనా ఏటైనా ఉంటే నువ్వూ ఇచ్చీ, ఇల్లు మారీముందే" అన్నారు. ఆయన పక్కింటి వాళ్ళ నిచ్చెన గురించి అన్నారు. నాకు వేరే చోట తగిలింది.

నాకు తెలీదని రాశావు. తెలుసు ప్రసూనా.

అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఆ పుస్తకానికి వార్తాపత్రిక కాగితంతో అట్ట వేసి, లోపలివైపు కూడా అంటించి ఉంచేవారు. ఆవిడ పోయాక, చిరిగిపోయిందని కొత్త అట్ట వెయ్యబోయి పాతది తీశాను. లోపల ఆవిడ రాత. "ఇది మా ప్రసూన కోసం." అంతే ఉంది.

పాతికేళ్ళు ఆ పుస్తకం నా కుడిచేతి పక్కన తెరుచుకుని ఉంది. అందులో మరకల్లో సగం నా చేతివే. ఎక్కడా నా పేరు లేదు. మొదటి పేజీకంటే ముందే నీ పేరు ఉంది. పోయిన మనిషి మీద కుళ్ళుకున్నాను, విజయనగరంలో ఉన్న నీ మీద కుళ్ళుకున్నాను. రైల్వే కాలెండరు కాగితం చింపి, మైదా ఉడికించి ఆ మాట మీద అంటించేశాను. నీకు చెప్పలేదు. మూడేళ్ళుగా ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ కాలెండరే చూస్తూ వండుతున్నాను. నువ్వు అడిగితే ఇవ్వననడానికి నాకు ఎక్కడి నుంచి అంత నోరు వచ్చిందో తెలీదు.

నిన్న తడిగుడ్డతో ఆ కాగితం ఊడదీశాను. నీ పేరు దగ్గర కొంచెం అలుక్కుంది, క్షమించు. పుస్తకం నీది. అందినట్టు ఒక ముక్క రాయి, నా చార్జి కూడా అయిపోతుంది.

రాజశ్రీ


విజయనగరం,
16 ఆగస్టు 2025

వదినా,

పుస్తకం అందింది. పావుగంటకి తిరగేస్తే రొట్టె ఎర్రగా, అంచులు కరకరలాడుతూ వచ్చింది. చూడటానికి జ్యోతిర్మయి లేదు. మంచి వంట కుదిరిన రోజున ఆవిడ ఎప్పుడూ ఊళ్ళో ఉండదు.

నువ్వు కావాలని తప్పు రాశావన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. దాంతో సరిపోతే ఈ ఉత్తరం రెండు వాక్యాల్లో అయిపోయేది. పది రోజులుగా రాయడం, చింపడం చేస్తున్నాను. నీకు తెలియని సంగతి ఒకటి నిజంగానే ఉంది.

అమ్మ ఆ పుస్తకం నాకు ఇచ్చింది. తొంభై ఆరులో, పెళ్ళయి నేను విజయనగరం బయల్దేరే రోజున. ట్రంకు పెట్టెలో చీరలు సర్దుకుంటున్నాను. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి పుస్తకం పెట్టె మీద పెట్టింది. అప్పటికి ముప్పై వంటలు కూడా లేవు, అప్పటికే జిడ్డు. నేను పుస్తకాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తి, "ఇన్ని నూనె మరకలేటమ్మా, అత్తారింట్లో నవ్వుతారు. సౌభాగ్య కొత్త పుస్తకం ఇచ్చింది, నాకది చాలు" అన్నాను. అమ్మ పుస్తకం చేతిలోకి తీసుకుంది. "సర్లే, ఇక్కడే ఉంటది" అంది. కాసేపటికి వంటింట్లో మైదా ఉడికించిన వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే నేల మీద కూర్చుని ఆ పుస్తకానికి వార్తాపత్రిక అట్ట వేస్తోంది. లోపలివైపు కూడా అంటిస్తోంది. అక్కడేముందో నేను అడగలేదు. అడగకుండానే తెలిసింది.

నీకంటే ముందు ఆ మాట మీద కాగితం అంటించింది అమ్మే వదినా.

మరుసటేడు నువ్వు కోడలిగా వచ్చాక నేను మొదటిసారి వేసవికి వచ్చాను. వంటింట్లోకి వెళ్తే ఆ పుస్తకం గట్టు మీద తెరిచి ఉంది. నువ్వు పసుపు చేత్తో పేజీ తిప్పుతున్నావు. అమ్మ నీ భుజం మీంచి చూస్తూ "తినొచ్చు" అంటోంది. ఆ రోజు పుట్టిన కడుపుమంట ఇప్పటికీ ఉంది. అమ్మని మళ్ళీ అడిగితే ఇచ్చేసేది. అడగలేదు. అడిగితే నేను వద్దన్న సంగతి గుర్తు చేస్తుందని భయం. ఆవిడ మీద కోప్పడలేను, నా మీద నేను కోప్పడటం చేతకాదు. నువ్వు దొరికావు.

నూనె మరకలుంటేనే వంట పుస్తకం అని మొన్న నీకు పెద్ద మాట రాశాను చూడు. ఆ మాట రాసిన చెయ్యే పెట్టె మీంచి ఆ పుస్తకం తీసి పక్కన పెట్టింది.

పదిరోజులు పుస్తకం ఇంట్లో ఉంది కదా, అన్ని పేజీలూ చూశాను. నేను వచ్చేశాక రాసిన వంటలు నూటికి పైనే ఉన్నాయి. నాకు పంపిస్తూ ఒక్కటీ దాచుకోలేదు నువ్వు. భవిత తనకి కావలసినవి వేరే నోటుబుక్కులో ఎక్కించుకుంది. రొట్టె పేజీలో సైరను పక్కన పెన్సిలుతో "పావుగంట" అని రాసింది. దానికి హిందీ కూడా వచ్చు కాబట్టి పక్కనే హర్ష కోసం ఆ ముక్క హిందీలో కూడా రాసింది.

పుస్తకం తిరిగి పంపుతున్నాను. సర్కండా ఇంట్లో నాలుగో చోటులోంచి ఆ సంచిక తీసెయ్యి, నీ వంట వెయ్యనివాళ్ళ పుస్తకం నీకెందుకు? అక్కడ దీన్ని పెట్టు.

నేను మారిపోయాననుకోకు. ఇప్పుడు కూడా పార్సెలు కడుతుంటే చెయ్యి రావడం లేదు, నువ్వు దీన్ని తెరిచి వండుతావని తలచుకుంటే ఇంకా మండుతోంది.

లోపలి అట్ట మీద అమ్మ రాసిన దాని కింద నేనొక లైను రాశాను. "ప్రసూన వద్దంది. రాజశ్రీ వండింది." ఈసారి దాని మీద ఏమీ అంటించకు.

నిన్ను చూసి ఇంకా కుళ్ళుకుంటున్న
నీ ఆడపడుచు,
ప్రసూన